ఘంటానాదమునకు బద్ధమైన దినచర్య – కాలిఫోర్నియా మిషనులలో ఆదివాసుల జీవితము



చరిత్రగ్రంథములను తెరచినచో రాజుల పట్టాభిషేకములు, యుద్ధములు, సంధులు పుష్కలముగా కానవచ్చును. ఒక సామాన్యుడు ప్రాతఃకాలమున ఎవరి పిలుపునకు మేల్కొనెను, ఏమి భుజించెను, ఎవరికొరకు శ్రమించెను, రాత్రి ఎచట శయనించెను అను విషయములు మాత్రము అరుదుగా లభించును. మానవుని జీవితము అధికభాగము ఈ చిన్న విషయములయందే గడచును. కావున ఒక జనసమూహము యొక్క స్థితిని ఎరుగగోరువారు దాని ఒక దినమును ఉదయమునుండి రాత్రివరకు పరిశీలించుట మేలు. అట్టి పరిశీలనకు తగిన ఒక చరిత్రఘట్టమును ఈ వ్యాసమున మనవి చేయుచున్నాను.

ఉత్తర అమెరికా పశ్చిమతీరమున గల కాలిఫోర్నియాలో 1769 మొదలు 1823 వరకు ఫ్రాన్సిస్కన్ సంప్రదాయమునకు చెందిన కాథలిక్ సంన్యాసులు 21 మిషనులను స్థాపించిరి. మిషను అనగా కేవలము ప్రార్థనామందిరము కాదు. ఆలయము, ధాన్యాగారము, కర్మశాలలు, పొలములు, పశువుల మందలు, ఆదివాసుల నివాసములు అన్నియు కలసిన ఒక చిన్న సంస్థానము వంటిది. దక్షిణమున సాన్ డియేగో మొదలుకొని ఉత్తరమున సొనోమా వరకు సుమారు 600 మైళ్ల పొడవున ఇవి వరుసగా వెలసెను. వీటిని నడపిన సంన్యాసులను ‘పాద్రీ’ అని పిలిచెడివారు. ఈ మాట మన తెలుగునాట కూడ చిరకాలముగా వాడుకలో ఉన్నదే.

పూర్వస్థితి

ఆ తీరమున పాద్రీల రాకకు పూర్వము అనేక జాతులు నివసించుచుండెను. దక్షిణమున కుమెయాయ్, లుయిసేన్యో, టొంగ్వా జనులు. మధ్యమున చుమాష్, సాలినన్ జనులు. ఉత్తరమున ఓలోనీ, మీవోక్ జనులు ఉండిరి. యూరోపియనులు స్థిరపడుటకు పూర్వము కాలిఫోర్నియా మొత్తమున సుమారు 3,00,000 మంది నివసించిరని పండితుల అంచనా. వారి భాషలు వందకు దగ్గరగా ఉండెను. వారికి ఏకచ్ఛత్రాధిపత్యము లేదు. ప్రతి గ్రామమునకు తన పెద్దలు, తన నాట్యములు, తన కథలు, తన శ్మశానము కలవు.

వారు నాగలిని ఎరుగరు. అంతమాత్రమున వారిని భూమిని ఎరుగని వారని తలపరాదు. ఓక్ వృక్షముల కాయలను సేకరించి, దంచి, ఆ పిండిని పలుమారులు నీటితో కడిగి చేదును పోగొట్టి, జావ కాచుకొనెడివారు. నీరు కారనంత బిగువుగా అల్లిన బుట్టలలో ఆ జావను ఉంచి, కాల్చిన రాళ్లను అందు వేసి ఉడికించెడివారు. ఎండిన గడ్డిభూములకు ఋతువు నెరిగి నిప్పు పెట్టి, మరుసటి ఏడు గింజలు సమృద్ధిగా పండునట్లు చేసెడివారు. చుమాష్ జనులు పలకలను త్రాళ్లతో కుట్టి, సందులను తారుతో పూడ్చి, సముద్రమున ద్వీపములకు పోవు నావలను నిర్మించిరి. కాయలు రాలు కాలము, చేపలు ఎదురెక్కు కాలము, బాతులు దిగు కాలము – ఇవియే వారి పంచాంగము. నేడు వేటకు పోవలెనా, బంధువుల ఇంటికి పోవలెనా, విశ్రమింపవలెనా అను నిర్ణయము వారి కుటుంబముల చేతిలోనే ఉండెను.

మిషనుల ఆవిర్భావము

ఉత్తరమునుండి రష్యనులు ఆ తీరమును ఆక్రమింతురను శంకతో స్పెయిను ప్రభుత్వము 1769లో సైనికులను, సంన్యాసులను కలిపి అచటికి పంపెను. సంన్యాసులకు నాయకుడు హునీపెరో సెర్రా. మయోర్కా ద్వీపమున 1713లో జన్మించి, విద్యాపీఠమున ఆచార్యత్వమును వదలి, అపరిచితులైన జనులకు తన మతమును అందింపవలెనను దీక్షతో సముద్రము దాటిన వాడు. ఆయన చిత్తశుద్ధిని శంకింప బనిలేదు. సైనికులు ఆదివాసి స్త్రీలపై జరిపిన అత్యాచారములను ఖండించుచు, 1773లో మెక్సికో నగరమునకు పోయి రాజప్రతినిధితో మొరపెట్టుకొనెను. మోంటెరేలోని సైనికస్థావరమునకు దూరముగా ఉండవలెనని మిషనును కార్మెల్ నదీతీరమునకు మార్చెను.

ఆ కాలపు సిద్ధాంతము ప్రకారము మిషను తాత్కాలికమైనది. సుమారు పది సంవత్సరములలో ఆదివాసులకు క్రైస్తవమతమును, వ్యవసాయమును, స్పానిష్ రీతిని నేర్పి, భూములను వారికే అప్పగించి పాద్రీలు ముందునకు సాగవలెను. అంతవరకు పాద్రీ తండ్రి, ఆదివాసి బాలకుడు. ఈ ‘బాలకుడు’ అను భావనను పాఠకులు గుర్తుంచుకొనవలెను. తరువాత జరిగినదంతయు దీనినుండియే పుట్టెను. పది సంవత్సరములు గడచినను, ఇరువది గడచినను, అరువది గడచినను, పాద్రీల దృష్టిలో ఆ బాలకుడు పెద్దవాడు కాలేదు.

ఆదివాసులు మిషనులలో ఎట్లు చేరిరి? అందరిని బంధించి తెచ్చిరనుట సరికాదు; అందరు ఇచ్ఛాపూర్వకముగా వచ్చిరనుటయు సరికాదు. తొలుత పూసలు, వస్త్రములు, ధాన్యము, అపూర్వమైన సంగీతము, పూజావైభవము అనేకులను ఆకర్షించెను. పిదప మిషనుల పశువులు గడ్డిగింజలను మేసివేసెను. గడ్డిభూములకు నిప్పు పెట్టుటను 1793లో గవర్నరు నిషేధించెను. క్రొత్తరోగములు గ్రామములను శూన్యము చేసెను. పిల్లలు జ్ఞానస్నానము పొంది మిషనులో ఉన్నచో తల్లిదండ్రులు వారిని అనుసరించిరి. తమ అడవిలో ఆహారము కరవైనవానికి మిషనులో జావ లభించుచున్నది. అట్టివాడు మిషను ద్వారము తొక్కుట స్వేచ్ఛయా, నిర్బంధమా అని నిర్ణయించుట కష్టము.

ఒక్క విషయము మాత్రము స్పష్టము. జ్ఞానస్నానము పొందుటకు పూర్వము అతడు రావచ్చును, పోవచ్చును. పొందిన తరువాత అనుమతి లేక పోరాదు. పోయినచో సైనికులను, మిషనులోని ఇతర ఆదివాసులను పంపి వెనుకకు తెచ్చెడివారు. జలము శిరస్సుపై పడిన క్షణమున ఈ నిబంధన ఎంతమందికి అర్థమై ఉండును? తెలియని భాషలో చెప్పబడిన మాటకు ఇచ్చిన అంగీకారము వారి శేషజీవితమును బంధించెను.

ఒక దినము

1786 సెప్టెంబరులో ఫ్రెంచి నావికుడు లా పెరూస్ మోంటెరే రేవునకు వచ్చి కార్మెల్ మిషనును దర్శించెను. ఆయన వ్రాసిన వృత్తాంతము వలన అచటి దినచర్య వివరముగా తెలియుచున్నది.

సూర్యోదయమున ఘంట మ్రోగును. అందరు లేచి ఆలయమునకు పోవుదురు. అచట పూజ, ప్రార్థన సుమారు ఒక గంట జరుగును. ఆ సమయముననే అంగణమున పెద్దపెద్ద కాగులలో ‘అటోలే’ అను జావ ఉడుకుచుండును. యవలను వేయించి, విసరి, నీటిలో కాచిన జావ అది. ఉప్పు గాని నెయ్యి గాని లేనిది. ప్రతి గుడిసెనుండి ఒకరు వచ్చి తమ ఇంటివారి వంతును పాత్రలో తీసికొని పోవుదురు. ముప్పావుగంటలో భోజనము ముగియవలెను. మరల పిలుపు. పురుషులు పొలములకు, స్త్రీలు తమ పనులకు పోవుదురు. మధ్యాహ్నమున ఘంట మ్రోగగా పని నిలచును. అప్పుడు ‘పొసోలే’ అను చిక్కని పులుసు. అందు గోధుమలు, మొక్కజొన్న, బఠానీలు, చిక్కుళ్లు ఉండును. పశువులు వృద్ధియైన మిషనులలో మాంసము కూడ కలిపెడివారు. రెండు గంటలకు మరల పని. నాలుగైదు గంటలకు ఘంట, సాయంప్రార్థన. తరువాత మరల జావ. దినమునకు సుమారు ఏడు గంటల శ్రమ, రెండు గంటల ప్రార్థన అని ఆ నావికుడు లెక్కించెను. ఆదివారములందు, పర్వదినములందు శ్రమ ఉండదు. ప్రార్థన నాలుగైదు గంటలు సాగును.

ఏడు గంటల శ్రమ అధికము కాదు కదా అని పాఠకులకు తోచవచ్చును. మన రైతులు, చేనేతవారు అంతకు మించి శ్రమించిన దినములు లెక్కలేనన్ని. కాని లా పెరూస్ చూచినది శ్రమ ఒక్కటియే కాదు. సంకెళ్లతో ఉన్నవారిని, బొండకొయ్యలో కాళ్లు బిగింపబడిన వారిని చూచెను. కొరడా శబ్దమును వినెను. కరీబియన్ సముద్రమున తన దేశమువారు నడుపు బానిసల తోటలకు ఈ మిషనునకు పోలిక కలదని వ్రాసెను. పాద్రీలు వ్యక్తిగతముగా సాధువులు, అతిథిమర్యాద ఎరిగినవారు అనియు ఆయనయే వ్రాసెను. ఈ రెండు మాటలును కలిపి చదువవలెను.

పనులు బహువిధములు. పురుషులు దుక్కి దున్నుట, కోతలు, పచ్చియిటుకలు చేయుట, పెంకులు కాల్చుట, తోళ్లు పదను చేయుట, వడ్రంగము, కమ్మరము, గొఱ్ఱెల పెంపకము నేర్చిరి. గుఱ్ఱమును ఎన్నడును చూడని జాతినుండి ఒక తరములోనే నిపుణులైన ఆశ్వికులు, పశుపాలకులు పుట్టిరి. స్త్రీలు ఉన్ని దువ్వి, నూలు వడికి, దుప్పట్లు నేసిరి. రాతిపై ధాన్యమును నూరిరి. ఈ నూరుట ఎంత కష్టమో చూచి లా పెరూస్ సహచరుడొకడు తమ ఓడలోని తిరుగలిని మిషనునకు దానము చేసెను. దానితో నలుగురు స్త్రీలు నూరుగురి పని చేయగలరని వారి అంచనా. ఈ చిన్న దానమును బట్టి ఆ స్త్రీల మోకాళ్లు, భుజములు ప్రతిదినము అనుభవించిన శ్రమను మనము ఊహింపవచ్చును.

రాత్రి అయినచో వివాహితులు తమ గుడిసెలకు పోవుదురు. సుమారు తొమ్మిదేండ్లు దాటిన కన్యలను, భర్తలు ఊరలేని స్త్రీలను, విధవలను ఒక గదిలో చేర్చి తాళము వేసెడివారు. దానిని ‘మొన్హెరియో’ అనిరి. సైనికులనుండి రక్షణ, శీలరక్షణ అని పాద్రీల ఉద్దేశము. సైనికుల ప్రవర్తనను తలచినచో అందు కొంత నిజము కలదు. కాని గాలి, వెలుతురు చాలని ఆ గదులలో రోగములు శీఘ్రముగా వ్యాపించెను. తల్లి ఒడిలో కథలు వినుచు నిద్రింపవలసిన వయస్సున బాలికలు తల్లికి దూరమైరి. బుట్ట అల్లికయు, ఓషధుల జ్ఞానమును, పురిటిపాటలును తల్లినుండి కూతునకు సంక్రమించు విద్యలు. ఆ విద్యలు సంక్రమించు రాత్రివేళలకు తాళము పడెను.

ఒక ఆదివాసి బాలుని రచన

ఇంతవరకు చెప్పినది పరదేశీయుల సాక్ష్యము. లోపలివాని సాక్ష్యము ఒకటి దైవికముగా మిగిలినది. పాబ్లో టాక్ అను లుయిసేన్యో బాలుడు 1822లో సాన్ లూయిస్ రే మిషనులో జన్మించెను. అతడు పదేండ్ల వయస్సున పాద్రీ అంతోనియో పేయిరీ వెంట బయలుదేరి, 1834లో రోము నగరము చేరి, అచట విద్యార్థియై తన జనుల వృత్తాంతమును స్పానిష్ భాషలో వ్రాసెను. తన మాతృభాషకు వ్యాకరణమును, పదసంగ్రహమును ఆరంభించెను. అతనితో వచ్చిన అగాపీతో అను బాలుడు 1837లో మరణించెను. పాబ్లో 1841లో, ఇరువదేండ్లైనను నిండకుండ, స్వదేశమును మరల చూడకుండనే కన్నుమూసెను.

అతని రచనయందు మిషను దినము ఒక ఇంటి వాకిటినుండి కనబడును. వృద్ధుడైన తండ్రి విల్లంబులతో బయలుదేరును. యువకుడైన కుమారుడు కూలివారితో పోవును. కూతురు స్త్రీలతో కలసి చొక్కాలు కుట్టును. చిన్నవాడు బడికి పోవును. తల్లి ఇల్లు చూచుకొనును. సాయంకాలమునకు అందరు ఒకచోట చేరి భుజింతురు. రాత్రి అల్కాల్డేలు అను ఆదివాసి పెద్దలు వీధులలో తిరుగుచు మరునాటి పనిని బిగ్గరగా చాటింతురు. పాద్రీ అచట రాజువంటి వాడు. సేవకులు, అధికారులు, గాయకులు, సైనికులు, తోటలు, మందలు అన్నియు ఆయనకు కలవు. ఈ మాటను పాబ్లో నిందగా వ్రాయలేదు. తాను చూచినది చూచినట్లు వ్రాసెను.

అతని రచనలో ఒక హాస్యఘట్టము కలదు. మిషను తోటలో ఫలములు కోయుటకు ఆదివాసులకు అనుమతి లేదు. ఒకడు రహస్యముగా గోడ దూకి అత్తిచెట్టెక్కి పండ్లు తినుచుండెను. తోటమాలి నీడను చూచి గద్దించెను. చెట్టుపైనున్నవాడు కాకివలె అరచెను. తోటమాలి మోసపోక, రెక్కలు లేని కాకిని నేడు చూచితినని రాళ్లెత్తగా వాడు పారిపోయెను. చదువరికి నవ్వు వచ్చును. ఆ నేల అతని పూర్వులది. ఆ తోటకు నీరు పెట్టినది అతని జనులే. ఒక పండుకొరకు అతడు కాకి కావలసి వచ్చెను.

నిలచిన కళలు

మిషనులలో వెలుగు లేదనుట అసత్యమగును. సాన్ హోసే మిషనులో పాద్రీ నార్సిసో దురాన్ ఆదివాసులకు స్వరలిపిని నేర్పి గాయకబృందమును, వాద్యబృందమును తీర్చిదిద్దెను. వారు తంత్రీవాద్యములను, వేణువులను పలికించి పర్వదినములందు దూరప్రాంతములవారిని కూడ ఆకర్షించిరి. సాంటా బార్బరాలో చుమాష్ శిల్పులు తమ సముద్రపు శంఖశకలములను చెక్కడమున పొదిగి పూజాపీఠమును అలంకరించిరి. సాన్ బ్వేనావెంతూరాలో 1822 ప్రాంతమున హువానా బసీలియా అను చుమాష్ స్త్రీ స్పానిష్ నాణెముపై గల రాజముద్రను చూచి, ఆ ఆకృతిని తన బుట్టయందు అల్లి, దీనిని చేసినది తానేనని అక్షరములతో సహా అల్లికలో నిలిపెను. రిజిస్టరులలో సంఖ్యలుగా మిగిలిన వేలమందిలో ఒక స్త్రీ తన పేరును తన చేతితో వ్రాసికొన్నది. చెమటగదులలో స్నానము, జూదము, కర్రబంతి ఆట, కొన్ని నాట్యములు కూడ సాగుచునే ఉండెను. ఓక్ కాయల కాలమున కొన్ని వారములు స్వగ్రామమునకు పోయి రా అనుమతి ఇచ్చు ఆచారము కూడ ఉండెను. ఆ వారములకై వారు సంవత్సరమంతయు ఎదురుచూచెడివారు.

పారిపోయినవారు చెప్పిన కారణములు

ఈ వ్యాసమునకు ప్రాణము వంటి భాగము ఇదియే. సాన్ ఫ్రాన్సిస్కో మిషనులో 1795లో రోగము, ఆకలి ప్రబలగా 200 మందికి పైగా ఆదివాసులు అఖాతము దాటి పారిపోయిరి. వారిలో కొందరు 1797లో పట్టుబడిరి. ఎందుకు పారిపోతిరని సైనికాధికారి ఒక్కొక్కరిని ప్రశ్నించి సమాధానములను వ్రాయించెను. ఆ పత్రములు నేటికిని ఉన్నవి. జ్ఞానస్నానమున ఇచ్చిన స్పానిష్ నామములతోనే వారు అందు కనబడుదురు.

తిబుర్సియో అనువాడు తన భార్యయు కుమార్తెయు మరణింపగా విలపించెను. విలపించినందుకు అయిదుమారులు కొరడాదెబ్బలు తినెను. ఓమోబోనో అనువానికి ఆవలితీరమున సోదరుడు మరణించెను. ఏడ్చినందుకు అతనినీ కొట్టిరి. మాల్కియాదెస్ అనువాడు ఆవలితీరమున ఉన్న తల్లిని చూడబోయెను. అంతకు మించి అతనికి కారణము లేదు. ప్రోస్పెరో రాత్రివేళ మడుగునకు బాతుల వేటకు పోయెను. దానికి దెబ్బలు పడెను. తిమోతియో రోగియై పడియుండగా అల్కాల్డే వచ్చి కొట్టెను. లిబొరాతో తన తల్లి, ఇద్దరు సోదరులు, ముగ్గురు మేనల్లుళ్లు ఆకలితో మరణించిరనియు, తానును అట్లే మరణింపకుండుటకై పోతిననియు చెప్పెను.

ఈ కారణములను ఒకమారు మననము చేయుడు. ఒక్కడైనను మతసిద్ధాంతమును గూర్చి వాదింపలేదు. రాజ్యమును కోరలేదు. ఏడ్చుటకు, తల్లిని చూచుటకు, బాతును వేటాడుటకు, రోగముతో పడియుండుటకు తమకు దినము లేదని చెప్పిరి. ఓలోనీ జనులకు మృతుని పేరు మరల ఉచ్చరింపకుండుట, ఎలుగెత్తి విలపించుట, శిరోజములు కత్తిరించుకొనుట విధులు. మనకు అపరకర్మలు ఎట్టివో వారికి ఆ విలాపము అట్టిది. దానిని నిషేధించుట ఒక మనుష్యుని కన్నీటిని ఆపుట మాత్రమే కాదు, మృతునికి చేయవలసిన ఋణమును తీర్పనీయకుండుట. గృహస్థుని శోకమునకు కాలమునిచ్చి, అతనిని కొన్ని దినములు లోకవ్యవహారములనుండి తప్పించు ధర్మమున పెరిగిన మనకు, తిబుర్సియో మాట త్వరగా బోధపడును.

కొరడాకు 25 దెబ్బల పరిమితి కలదని పాద్రీలు సమర్థించుకొనిరి. తండ్రి బిడ్డను దండించినట్లు దండించితిమనిరి. దండనను తరచు ఆదివాసియైన అల్కాల్డే చేతనే చేయించిరి. ఆ పద్ధతి వలన కొట్టినవాడు, కొట్టబడినవాడు ఒకే జాతివారైరి. ఆ వైరములు తరువాత కూడ మిగిలెను.

పాద్రీలలో భిన్నస్వరములు

పాద్రీలందరు ఏకాభిప్రాయులు కారు. సాన్ మిగెల్ మిషనులో ఉన్న అంతోనియో దె లా కన్సెప్సియోన్ ఓర్రా అను పాద్రీ 1798లో రాజప్రతినిధికి లేఖ వ్రాసి, ఆదివాసుల యెడ జరుగు క్రౌర్యమును బయటపెట్టెను. ఆయన మతిస్థిమితము లేనివాడని ప్రకటించి మెక్సికోకు పంపివేసిరి. సెర్రా తరువాత అధిపతియైన ఫెర్మిన్ లాసువెన్ 1801లో ఆ ఆరోపణలకు దీర్ఘమైన సమాధానము వ్రాసెను. అందు ఆయన తమ కార్యము యొక్క మర్మమును దాచలేదు. ఈ జనులను నాగరికులుగా మార్చవలెనన్నచో వారి సహజప్రకృతినుండి వారిని వేరుచేయుట తప్ప మార్గము లేదనియు, అది మహాశ్రమతో, మహాసహనముతో చేయవలసిన పని అనియు ఆయన అభిప్రాయము.

లాసువెన్ దుష్టుడు కాడు. ముదిమివరకు కష్టములకోర్చి పనిచేసినవాడు. అందువలననే ఆయన మాట మరింత ఆలోచింపదగినది. స్వభావమును సంస్కరించుట వేరు, స్వభావమునుండి మనిషిని వేరుచేయుట వేరు. సాధనమార్గమున ఉన్నవారు ఈ భేదమును తమ అనుభవముననే ఎరుగుదురు. సాధకుడు తన స్వభావమును తానే ఎరిగి, తానే నియమించుకొనును. పరుడు వచ్చి దానిని పెకలించినచో అది సంస్కారము కానేరదు.

రోగము, తిరుగుబాటు, అవసానము

మిషనులలో జననములకంటె మరణములు అధికముగా ఉండెను. శిశువులు అనేకులు బాల్యముననే పోయిరి. 1806లో తట్టు రోగము ఉత్తరమిషనులలో ఘోరముగా వ్యాపించెను. సాన్ ఫ్రాన్సిస్కో మిషనులో ఖననము చేయబడిన ఆదివాసులు 5,000కు పైగా ఉన్నారు. పాబ్లో టాక్ తన ప్రాంతమున 5,000 మంది ఉండగా ఒక వ్యాధి వలన 2,000 మంది పోయిరని వ్రాసెను. మిషను జనాభా 20,000 దాటిన కాలముండెను. కాని ఆ సంఖ్య క్రొత్తగా చేర్చుకొన్నవారి వలన నిలచినదే గాని, పుట్టినవారి వలన కాదు.

ప్రతిఘటన కూడ ఆదినుండియు ఉండెను. 1775లో సాన్ డియేగోపై దాడి జరిగి పాద్రీ లూయిస్ హైమే మరణించెను. 1785లో సాన్ గాబ్రియేల్ వద్ద టోయ్‌పూరినా అను టొంగ్వా స్త్రీయు, నికొలాస్ హోసే అను మిషను ఆదివాసియు కలసి తిరుగుబాటునకు పూనుకొనిరి. తమ నాట్యములను నిషేధించుటయే తన కోపకారణమని నికొలాస్ విచారణలో చెప్పెను. 1824లో సాంటా ఇనేస్ మిషనులో ఒక ఆదివాసిని కొట్టిన కారణమున చుమాష్ జనులు మూడు మిషనులలో లేచిరి. లా పురిసిమాను ఒక మాసము వశమున ఉంచుకొనిరి.

1821లో మెక్సికో స్వతంత్రమైనది. 1833లో మిషనులను పాద్రీల ఏలుబడినుండి తొలగించు శాసనము వెలువడగా, 1834లో గవర్నరు దాని అమలునకు నియమములు ప్రకటించెను. భూములలో, పశువులలో సగము ఆదివాసులకు చెందవలెనని ఆ నియమముల సారము. ఆచరణలో అధికభాగము ధనికులైన భూస్వాముల పాలైనది. ఆదివాసులు తాము దున్నిన నేలమీదనే కూలివారైరి. 1848లో ఆ దేశము అమెరికా వశమై, బంగారము కొరకు జనులు వెల్లువెత్తగా వారి కష్టములు ఇంకను ఘోరమయ్యెను. ఆ కథ వేరు. దానికి పాద్రీలను బాధ్యులను చేయుట న్యాయము కాదు.

శేషము

నాశనమైనదని తలచినది పూర్ణముగా నశింపలేదు. సాన్ హువాన్ బవుతిస్తా మిషనులో పాద్రీ అర్రోయో దె లా క్వేస్తా ఉపదేశసౌకర్యము కొరకు ముత్సున్ భాషను శ్రద్ధతో నేర్చి, దాని వ్యాకరణమును, పదములను వ్రాసి ఉంచెను. ఆ భాషను ధారాళముగా మాటలాడిన చివరి స్త్రీ అసెన్సియోన్ సొలోర్సానో 1930లో మరణించెను; ఆమె పలుకులను కూడ ఒక పండితుడు వ్రాసికొనెను. నేడు ముత్సున్ సంతతివారు ఆ పత్రములనుండియే తమ మాటలను మరల నేర్చుకొనుచున్నారు. జ్ఞానస్నానపు రిజిస్టరులలో తమ పూర్వుల గ్రామనామములను వెదకి వంశవృక్షములను కూర్చుకొనుచున్నారు. వారిలో కాథలిక్ మతమును భక్తితో ఆచరించువారు ఉన్నారు. దానిని వదలినవారును ఉన్నారు. 2015లో సెర్రాను పోపు పుణ్యపురుషునిగా ప్రకటించినప్పుడు కొందరు ఆదివాసులు ఆ వేడుకలో పాల్గొనిరి, కొందరు నిరసించిరి.

1906 మొదలు ఆ మిషనుల మార్గమున స్మారకముగా ఘంటలను నిలుపు ఆచారము కలదు. బాటసారులకు అవి మనోహరములు. అమా ముత్సున్ సమాజమువారు మాత్రము అవి తమకు కొరడాను, బంధనమును జ్ఞప్తి చేయునవని తెలిపిరి. వారి కోరికపై సాంటా క్రూజ్ విశ్వవిద్యాలయమున ఉన్న ఘంటను 2019లో తొలగించిరి.

నిత్యము ఘంటానాదముతో దేవుని మేల్కొలుపు వృత్తిలో ఉన్నవానిగా, ఆ కోరికను చదివినప్పుడు నేను కొంతసేపు ఆలోచించితిని. ప్రాతఃకాలమున మేల్కొనుట, ప్రార్థించుట, శ్రమించుట, మితముగా భుజించుట, కలసి పాడుట – ఆ మిషనుల దినచర్యలోని అంశములను విడివిడిగా చూచినచో ఏదియు దూష్యము కాదు. అవి సాధకులు స్వయముగా కోరి వరించు నియమములే. కాని వరించినవానికి వదలు స్వాతంత్ర్యము కూడ ఉండును. ఆ స్వాతంత్ర్యము ఉన్నందుననే అతని నియమమునకు తపస్సను పేరు వచ్చినది. మిషను ఆదివాసికి అది లేదు. అతని మేలును కోరినవారే అతని దినమును తమ స్వాధీనమున ఉంచుకొనిరి. తల్లిని చూడబోయినందుకును, భార్యకై ఏడ్చినందుకును శిక్ష పడినచోట, మిగిలిన ఉపదేశము ఎంత ఉత్తమమైనదైనను హృదయమును చేరుట దుర్లభము.

మన ఇండ్లలో, ఆశ్రమములలో, పాఠశాలలలో పరులకు మేలు చేయగోరువారు అనేకులు కలరు. మన క్రింద ఉన్నవారి దినము ఎవరిది అను ప్రశ్నను అప్పుడప్పుడు వేసికొనుట మనకు కూడ హితము. తిబుర్సియో, ఓమోబోనో, మాల్కియాదెస్ మొదలగువారి ఆత్మలకు శాంతి కలుగుగాక.

స్వస్తి.